ట్రెగేల్ పవర్‌లో మీటర్లు చదివిన అమ్మాయి

ఫేబీ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరిన నాలుగో వారంలోనే ఉద్యోగంలో కూడా చేరింది. అది 2012 మార్చి. బ్రిస్బేన్ నగరంలో సన్నీబ్యాంక్ అనే పేటలో ఒక నూడుల్స్ హోటల్ మేడ మీద రెండు గదుల ఆఫీసు, తలుపుకు అంటించిన కాగితం మీద ‘ట్రెగేల్ పవర్’ అన్న పేరు. లోపల డెస్ ట్రెగేల్ అనే యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పక్కన బిల్లులు మడిచి కవర్లలో పెడుతున్న ఆయన చెల్లెలు. డెస్ ఉత్తరాన ఒక చక్కెర మిల్లులో పాతికేళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేసి, మోకాళ్ళు అరిగాక ఈ వ్యాపారం పెట్టాడు. ఆమెను రెండే ప్రశ్నలు అడిగాడు. కుక్కలంటే భయమా? ఒకటికీ ఏడుకూ తేడా తెలిసేలా రాస్తావా? కుక్కలంటే భయమేననీ, అంకెలు మాత్రం శుభ్రంగా రాస్తాననీ చెప్పింది. మర్నాటి నుంచి రమ్మన్నాడు.

డెస్ చేసే వ్యాపారం సులువుగానే అర్థమవుతుంది. పెద్ద అపార్ట్‌మెంట్ భవనానికి వీధి లైను నుంచి ఒకే పెద్ద మీటరు ఉంటుంది. అక్కడి దాకా వచ్చిన కరెంటును ఆయన టోకున కొని, లోపలి ఫ్లాట్లకు చిల్లరగా అమ్ముతాడు. అప్పటికి ఆయన చేతిలో ఉన్నవి మూడు భవనాలు, చక్రాల ఇళ్ళలో జనం కాపురముండే ఒక క్యారవాన్ పార్కు. నెలకోసారి ఎవరో ఒకరు వెళ్ళి ప్రతి ఫ్లాట్ మీటరూ చదివి రావాలి. ఆ పని ఫేబీది. భవనాల కింద మీటర్ల గదులుంటాయి. అక్కడ టార్చి వేసుకుని, గోడ నిండా ఉన్న మీటర్ల మీది అంకెలు పుస్తకంలోకి ఎక్కించుకునేది. క్యారవాన్ పార్కులో కుక్కలుండేవి. అక్కడికి మాత్రం, వాటిని పట్టుకునే మనుషులు ఇంట్లో ఉండే వేళ చూసుకుని వెళ్ళేది.

ఆమె వాళ్ళది బాపట్ల. తల్లి ప్రిస్సిల్లా అక్కడ మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. 2008లో బ్రిస్బేన్ ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే కుటుంబమంతా వచ్చేసింది. అప్పటికి ఫేబీకి పద్నాలుగేళ్ళు. ఇంట్లో గుంటూరు యాస, బయట ఇంగ్లీషు. ఆదివారం చర్చిలో రెండూ కలిసిపోయేవి. ఆ చర్చిలోనే నాకు ఆమె తెలుసు. ఈ కథలో చాలా భాగం ఆమే చెప్పింది. కొంత ప్రిస్సిల్లా గారు చెప్పారు.

మొదటి సంవత్సరం చివర్లో డెస్ ఇంకో చిన్న కంపెనీని కొన్నాడు. యజమాని ముసలివాడై అమ్ముకున్నాడు. దాని కింద నాలుగు భవనాలున్నాయి. ఆ రెండు కంపెనీలను బ్యాంకుకు చూపించి అప్పు తెచ్చి మూడోది కొన్నాడు. తర్వాత మేడల మీద సోలార్ పలకలు బిగించే కంపెనీ, వేడినీళ్ళ బాయిలర్లు నడిపే మరో కంపెనీ వచ్చి చేరాయి. కొన్నవాటి పేర్లు ఆయన మార్చలేదు. ఫ్లాట్లలోని వాళ్ళకు పాత పేరు మీదే బిల్లు వచ్చేది. అందుకని ఏ భవనానికి వెళ్తే ఆ కంపెనీ చొక్కా వేసుకోవాలి. రెండో సంవత్సరానికి ఫేబీ కారు డిక్కీలో ఐదు రంగుల చొక్కాలుండేవి. ఒకసారి తొందరలో ఆకుపచ్చ చొక్కాతో నీలం కంపెనీ భవనానికి వెళ్తే, కాపలాదారు లోపలికి రానివ్వలేదు.

ఇన్ని కంపెనీలకు పైన ఇంకో కంపెనీ పెట్టానని డెస్ ఒకరోజు చెప్పాడు. పేరు ట్రెగేల్ యుటిలిటీ గ్రూప్. అదేం అమ్ముతుందని ఫేబీ అడిగింది. ఏమీ అమ్మదు, కింద ఉన్నవాటి వాటాలు దాని పేరు మీద ఉంటాయి, అంతే అన్నాడు. అప్పు ఎవరు తీసుకోవాలో, ఏ కంపెనీ లాభం ఏ కంపెనీ కొనుగోలుకు వెళ్ళాలో ఆ పైది చూసుకుంటుందట. మళ్ళీ కొన్నప్పుడల్లా కింద ఒక పేరు చేరుతుంది, పైన ఏమీ మారదు. ఈ పద్ధతి ఫేబీకి నచ్చింది. క్లాసులో నేర్చుకుంటున్న సర్క్యూట్ల కంటే తేలిగ్గా ఉందనిపించింది. చర్చి అయ్యాక టీ తాగుతూ తను పనిచేసే కంపెనీ ఎంత పెరిగిందో మాకందరికీ చెప్పేది. ఆ గొంతులో గర్వం ఉండేది.

ఆఫీసు నూడుల్స్ హోటల్ పై నుంచి సిటీలో అద్దాల భవనానికి మారింది. డెస్ చెల్లెలు మానేసింది. బిల్లులు, ఫోన్లు అన్ని కంపెనీలకూ ఒకేచోట పెట్టారు.

2014 మే నెలలో గ్రూపు అన్నిటికంటే పెద్ద కొనుగోలు చేసింది. వాటిల్‌బ్రూక్ ఎనర్జీ అనే కంపెనీ, దాని కింద ఇరవై రెండు భవనాలు. డెస్ సొంతంగా మొదలుపెట్టిన కంపెనీకి ఇది ఐదింతల పైనే. వాటిల్‌బ్రూక్ వాళ్ళ కస్టమర్ల జాబితాను గ్రూపు జాబితాలో కలపడానికి శ్రీపతి అనే కాంట్రాక్టరును పెట్టుకున్నారు. ఆయనది వరంగల్. కాన్‌బెర్రాలో గంగాలిన్‌లో ఉంటాడు. వారానికి రెండు రోజులు విమానంలో వచ్చి వెళ్ళేవాడు. నలభై దాటిన నెమ్మదైన మనిషి. మధ్యాహ్నం తన డబ్బాలోంచి ఫేబీకి కూడా రెండు రొట్టెలు తీసి పెట్టేవాడు.

కొత్త కంపెనీ కిందికి వచ్చిన ప్రతి ఇల్లూ మళ్ళీ సంతకం చేసి పంపాలని ఇంగ్లీషులో ఉత్తరాలు వెళ్ళాయి. జవాబు రాని ఇళ్ళన్నీ ఖాతాదారు లేని ఇళ్ళ కింద లెక్క. ఖాతాదారు లేకపోతే కరెంటు తీసేయాలి. తీసేముందు ఒక మనిషి వెళ్ళి తలుపు తట్టాలి. రెండు వేర్వేరు రోజుల్లో తట్టినా ఎవరూ పలకకపోతే, తలుపు కింద నోటీసు తోసి జాబితాలో టిక్కు పెట్టాలి. మూడు రోజుల తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి ఆ టిక్కు చూసి ఫ్యూజు లాగేస్తాడు. జులై నుంచి తలుపులు తట్టే పని ఫేబీకి అప్పగించారు.

ఆగస్టు రెండో వారంలో, ఒక గురువారం ఉదయం, ఆమె ఒక భవనం బి బ్లాకులో ఏడో నంబరు ఫ్లాటుకు వెళ్ళింది. జాబితాలో ఆ ఫ్లాటు ఎదురుగా ‘ఖాళీ’ అని ఉంది. తలుపు ముందు నిలబడగానే లోపల నుంచి ఒక మెషీను ఊపిరి తీస్తున్నట్టు చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. బాపట్లలో చిన్నప్పుడు బడి వదిలాక తల్లి వార్డులో బెంచీ మీద కూర్చుని హోంవర్కు చేసుకునేది. గాలిలోంచి ఆక్సిజన్ తీసి రోగికి అందించే మెషీను అది.

తలుపు తీసినాయన ముక్కుకు సన్నటి గొట్టం ఉంది. ఆమె చొక్కా మీది పేరు కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

“ఫేబీ దేవరపల్లి. తెలుగువాళ్ళా అమ్మా?”

ఆయన పేరు వాసుదేవరావు. యూనివర్సిటీలో నేలల శాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. భార్య లలితకుమారి వెనకే వచ్చి లోపలికి రమ్మంది. ఫేబీ గుమ్మంలోనే నిలబడి విషయం చెప్పింది.

“మా లిస్ట్‌లో మీ పేరు లేదంకుల్. ఈ ఫ్లాట్ ఖాళీ అని ఉంది.”

“ఖాళీ ఏమిటమ్మా, పదకొండేళ్ళ నుంచీ ఇక్కడే ఉంటున్నాం. ఒక్క బిల్లు కూడా మిస్ అవలేదు.”

తర్వాత తెలిసింది, జాబితా కలిపినప్పుడు వాళ్ళ ఖాతా చిరునామాలో బి బ్లాకు అన్న మాట పోయి వట్టి ఏడు మిగిలిందని. వాళ్ళకు రావలసిన ఉత్తరాలన్నీ ఎ బ్లాకులో ఏడో ఫ్లాటుకు వెళ్ళాయి, మీటర్ల లెక్కలో బి బ్లాకు ఏడు మాత్రం ఖాతాదారు లేకుండా మిగిలింది. లలితకుమారి లోపలికెళ్ళి ఒక ఫైలు తెచ్చింది. అందులో వాటిల్‌బ్రూక్ వాళ్ళు నాలుగేళ్ళ క్రితం రాసిన కాగితం ఉంది. ఈ ఇంట్లో ప్రాణానికి అవసరమైన మెషీను ఉందనీ, చెప్పకుండా కరెంటు తీయబోమనీ ఉంది. కింద డాక్టరు సంతకం ఉంది.

“కరెంట్ పోతే ఎంతసేపు మేనేజ్ చేయగలరంకుల్?”

“సిలిండర్ ఒకటుంది. మూడు గంటలొస్తుంది. ఆ తర్వాత సంగతి మీ కంపెనీనే అడగాలి,” అన్నాడు వాసుదేవరావు. కోపంగా ఏమీ అనలేదు.

ఫేబీ ఆఫీసుకు కాకుండా ముందు ఎలక్ట్రీషియన్‌కే ఫోన్ చేసి ఆ ఫ్లాటు ముట్టుకోవద్దని చెప్పింది. తర్వాత డెస్‌కు చేసింది. మంచి పని చేశావు, ఒక్కటే పొరపాటు అయ్యుంటుంది, సరిచేయిస్తానన్నాడు. ఆమె కారులోకి వచ్చి కూర్చుంది. అప్పుడు గుర్తొచ్చింది. ఈ కాగితం గ్రూపు జాబితాలోకి రాలేదంటే, ఇలాంటివి ఇంకే ఇళ్ళవీ వచ్చి ఉండవు. జులై నుంచి తను పెట్టిన టిక్కులు నలభై మూడు.

ఆ సాయంత్రం తల్లి డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంటే అడిగింది, ఆ మెషీను ఆగిపోతే లోపలి వాళ్ళు ఏం చేస్తారని.

“ఏం చేస్తారే. కేకలు పెడతారనుకుంటున్నావా? పెట్టరు. మెషీన్ కుయ్యోమంటది, అది వినపడితే సిలిండర్ పెట్టుకుంటారు. వినపళ్ళేదనుకో, మగతగా అయిపోయి పడుకుంటారు. బయటోళ్ళకి ఏం తెలవదు,” అంది ప్రిస్సిల్లా. ఎందుకడుగుతున్నావని మళ్ళీ తనే అడిగింది. ఫేబీ చెప్పింది. పొద్దున్నే లేచి అన్ని ఇళ్ళకూ నువ్వే వెళ్ళు, ఫోన్లు చేసుకుంటూ కూర్చోకు అంది ప్రిస్సిల్లా.

శుక్రవారం ఫేబీ యూనివర్సిటీకి వెళ్ళలేదు. శనివారంతో కలిపి రెండు రోజుల్లో నలభై మూడు తలుపులూ మళ్ళీ తట్టింది. ముప్పై నిజంగానే ఖాళీవి. పన్నెండు ఇళ్ళల్లో మనుషులున్నారు. కరెంటు పోతే ఆఫీసుకు ఫోన్ చేసి గొడవపడి తిరిగి వేయించుకున్నవాళ్ళే అందరూ. కొందరు ఆమెను గుమ్మంలోనే తిట్టారు. మిగిలిన ఒక్క ఇల్లు శనివారం మధ్యాహ్నం దొరికింది. మూడో అంతస్తులో మిసెస్ లియాంగ్ అనే ఎనభై ఒక్క ఏళ్ళ ఆవిడది. తలుపు తాళం వేసి ఉంది. పక్క ఫ్లాటులో ఉండే మలేషియా ఆవిడ బయటికొచ్చి చెప్పింది. పది రోజుల క్రితం ఉదయం పదకొండింటికి కరెంటు పోయిందట. మిసెస్ లియాంగ్‌కు చెవులు సరిగా వినబడవు, ఇంగ్లీషు చదవడం రాదు. ఆవిడ ఆక్సిజన్ మెషీను ఎంతసేపు మోగిందో ఎవరికీ తెలియదు. తను మధ్యాహ్నం సూప్ ఇవ్వడానికి వచ్చి, దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసేసరికి ఆవిడ కుర్చీలో తల వాల్చేసి ఉందట, పెదవులు నల్లబడి. అంబులెన్సు వచ్చి తీసుకెళ్ళింది. బతికింది గానీ ఇంకా ఆసుపత్రిలోనే ఉంది.

ఫేబీ కిందికి దిగి మీటర్ల గదిలోకి వెళ్ళి తన పుస్తకం తెరిచి చూసింది. ఆ ఫ్లాటు ఎదురుగా తన టిక్కు ఉంది. తేదీలు రెండు రాసి ఉన్నాయి. కానీ రెండో రోజు తను ఆ భవనానికి వెళ్ళలేదు. ఆ మధ్యాహ్నం యూనివర్సిటీలో సిగ్నల్స్ అనే సబ్జెక్టు పరీక్ష ఉంది. మొదటిరోజు పలకని ఇళ్ళు రెండోరోజు పలకడం అరుదు కాబట్టి, ఆ భవనంలో నాలుగు ఇళ్ళకు మొదటిరోజే నోటీసు తోసేసి, రెండో తేదీ కూడా వేసేసింది. ఏడుపు రాలేదని నాతో చెప్పింది. కారు తాళాలు ఎక్కడ పెట్టిందో మర్చిపోయి చాలాసేపు వెతుక్కుందట.

ఆ సాయంత్రమే శ్రీపతికి ఫోన్ చేసింది. వాటిల్‌బ్రూక్ పాత జాబితాలో ఆక్సిజన్ మెషీన్ల సంగతి ఎక్కడ రాసేవాళ్ళని అడిగింది.

“రిమార్క్స్ కాలమ్‌ల ఉండె ఫేబీ. మన సిస్టమ్‌ల ఆ కాలమ్ లేదు. ఏం జెయ్యాలని నేను మెయిల్ వెట్టిన. అవి పాత గొడవలు, వదిలెయ్యమన్నరు. నేను గూడ తెరిచి సదువలేదు. సదవాల్సి ఉండె.”

“ఆ ఫైల్ నాకు పంపుతారా శ్రీపతి గారూ?”

“కాంట్రాక్ట్ రూల్ ప్రకారం పంపొద్దు,” అన్నాడు. పది నిమిషాల్లో పంపాడు. ఆ కాలమ్‌లో కుక్కల గురించి, తాళాల గురించి, పడని పొరుగువాళ్ళ గురించి రాసిన వందల ముక్కల మధ్య ముప్పై ఒక్క ఇళ్ళకు మెషీను ఉందని రాసి ఉంది. వాటిలో రెండు ఫేబీ తలుపులు తట్టే జాబితాలోకి వచ్చాయి. ఒకటి వాసుదేవరావు ఇల్లు, టిక్కు పడకుండా సమయానికి ఆగింది. ఇంకొకటి మిసెస్ లియాంగ్‌ది.

సోమవారం డెస్, ఫేబీ ఆయన గదిలో కూర్చున్నారు. కంపెనీ లాయరు కూడా ఉంది. అప్పటికే మెల్‌బోర్న్ పెట్టుబడుల సంస్థ ఒకటి గ్రూపు మొత్తాన్ని కొంటామని మాట్లాడుతోంది. ఆ సంగతి ఫేబీకి ఆరోజే తెలిసింది. జరిగింది దాచాలని డెస్ అనలేదు. విద్యుత్ ఫిర్యాదుల ఆఫీసుకు రిపోర్టు పంపాల్సిందేనని ఆయనే అన్నాడు. ముప్పై ఒక్క ఇళ్ళకూ ఆరోజే మనుషులను పంపాడు. కానీ లాయరు రాసుకొచ్చిన రిపోర్టులో, క్షేత్రంలో పనిచేసే సిబ్బంది నియమం ప్రకారమే నడుచుకున్నారని ఒక వాక్యం ఉంది. తప్పంతా జాబితా కలపడంలో జరిగినట్టు వచ్చింది.

ఆ వాక్యం నిజం కాదని ఫేబీ చెప్పింది. తను ఒక్కసారే తట్టానంది.

అది రాస్తే నీ పేరు రికార్డులో ఉంటుంది, రేపు ఇంజనీరు ఉద్యోగం కోసం వెళ్ళినప్పుడు ఎవరైనా చూడొచ్చు అన్నాడు డెస్. నీకింకా ఇరవై ఏళ్ళే, ఆ వాక్యం ఒక్కటి తీసేసినంత మాత్రాన మిసెస్ లియాంగ్‌కు కలిసొచ్చేది ఏమీ లేదన్నాడు. ఆయన తనను కాపాడాలనే చూస్తున్నాడని ఆమెకు తెలుసు. అయినా రాయమంది. లాయరు ఆ వాక్యం కొట్టేసి, ఫేబీ చెప్పింది రాసింది.

విచారణ నాలుగు నెలలు నడిచింది. గ్రూపుకు జరిమానా పడింది. మూడు నెలలు ఏ ఇంటికీ కరెంటు తీయకూడదన్నారు. అన్ని భవనాల్లోనూ ఇల్లిల్లూ తిరిగి కొత్త జాబితా తయారు చేయమన్నారు. ఫేబీకి హెచ్చరిక ఉత్తరం ఇచ్చి తలుపులు తట్టే పని నుంచి తీసేశారు. తర్వాత నెలకు ఆ కొత్త జాబితా పని డెస్ ఆమెకే ఇచ్చాడు. ఈ తప్పు మళ్ళీ చేయని మనిషి ఆఫీసులో ఇంకెవరూ కనబడలేదన్నాడు. శ్రీపతి కాంట్రాక్టు పొడిగించలేదు. ఆ సెమిస్టర్‌లో ఫేబీ సిగ్నల్స్ సబ్జెక్టు తప్పింది.

మిసెస్ లియాంగ్ ఇంటికొచ్చాక ఫేబీ వెళ్ళి కలిసింది. మలేషియా ఆవిడ మధ్యలో కూర్చుని ఇద్దరి మాటలూ అటూ ఇటూ చెప్పింది. తను ఎవరో, ఏం చేసిందో, ఎందుకు చేసిందో ఫేబీ మొత్తం చెప్పింది. పరీక్ష సంగతి కూడా దాచలేదు. మిసెస్ లియాంగ్ విని, తలుపు కింద కాగితం చూశాననీ, ఏదో పిజ్జా దుకాణం వాళ్ళదనుకుని పారేశాననీ చెప్పింది. పరీక్ష పాసయ్యావా అని అడిగింది. లేదంటే తల ఊపింది. క్షమించాననీ అనలేదు, కోప్పడనూ లేదు. రెండుసార్లు తట్టినా నాకు వినపడేది కాదు అంది. ఆ మాట కూడా మలేషియా ఆవిడ ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. రెండోసారి వెళ్ళి ఉంటే పక్కింటావిడ కనబడేదేమోనని ఫేబీ అప్పటికే ఎన్నోసార్లు అనుకుని ఉంది.

తర్వాతి శనివారం కాలింగ్ బెల్ నొక్కితే గదిలో దీపం వెలిగి ఆరేలా ఒక చిన్న పెట్టె చేసి పట్టుకెళ్ళింది. మొదటిరోజు అది పనిచేయలేదు. ఇంటికి తెచ్చి సోల్డరింగ్ మళ్ళీ చేసి, ఆ మర్నాడు చర్చి అయ్యాక వెళ్ళి బిగించింది. ప్రిస్సిల్లా కూడా వెళ్ళి మెషీను గొట్టాలు, సిలిండరు చూసి, మెషీను మోత వినపడేలా పక్కింటావిడ వైపు గోడకు జరిపించి వచ్చింది.

2015 అక్టోబరులో మెల్‌బోర్న్ సంస్థ ట్రెగేల్ గ్రూపును కొనేసింది. అప్పటికి గ్రూపు కింద తొమ్మిది కంపెనీలు, అరవై ఒక్క భవనాలు. ఆ తొమ్మిదీ మరో పెద్ద కంపెనీ కిందికి వెళ్ళిపోయాయి. బ్రిస్బేన్ ఆఫీసు మూసేశారు. డెస్ తన పేరున్న బోర్డు ఎవరికీ ఇవ్వకుండా ఇంటికి తీసుకెళ్ళాడు. పార్కులో ఒక బార్బీ, అంటే బార్బెక్యూ విందు, పెట్టి అందరికీ సాసేజీలు కాల్చి వడ్డించాడు. కంపెనీ పెంచడం కంటే మీటర్లు బిగించడమే తనకు బాగా వచ్చిన పని అని ఫేబీతో అన్నాడు. ఆ మాట బాధతో అన్నాడో, తేలికపడి అన్నాడో ఆమె చెప్పలేకపోయింది.

ఆఖరి వారంలో ఫేబీ మెషీన్లున్న ఇళ్ళ జాబితా కొత్తవాళ్ళకు అప్పగించాలి. ఫైలు పంపితే చాలన్నారు. ఆమె పంపి, ఫోన్ చేసి, అందుకున్న కుర్రాడిని ఒక్కొక్క పేరూ బ్లాకుతో సహా చదివి వినిపించమంది. అతను విసుక్కున్నాడు. నీకేమైనా అధికారం ఉందా అని అడిగాడు. లేదంది. అప్పటికి మొత్తం యాభై నాలుగు పేర్లు. ముప్పై రెండో పేరు దగ్గర అతను ఆగి, ఇక్కడ బ్లాకు అక్షరం లేదన్నాడు. ఆమె చెప్పింది. అతను రాసుకున్నాడు. తర్వాత విసుక్కోకుండా మిగతావి చదివాడు.

వాసుదేవరావు ఆ డిసెంబరులో జబ్బుతోనే పోయాడు. అంత్యక్రియలకు ఫేబీ, ప్రిస్సిల్లా ఇద్దరూ వెళ్ళారు. మెషీను ఇక అవసరం లేదని ఎవరికి చెప్పాలో తెలియక లలితకుమారి ఫేబీనే అడిగింది. ఫేబీ కొత్త కంపెనీ నంబరు ఇచ్చి, పేరు తీయించే కాగితం ఆమెతో కూర్చుని నింపింది.

అక్కడి డిసెంబరు, జనవరి వేసవి సెలవుల్లో ఫేబీ సిగ్నల్స్ మళ్ళీ చదివి పాసైంది. 2016 ఏప్రిల్‌లో టూవూంబా ఊళ్ళో కరెంటు లైన్లు నడిపే ఒక సంస్థ కంట్రోల్ రూమ్‌లో ఉద్యోగం అడగడానికి వెళ్ళింది. ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు. సబ్జెక్టు ఎందుకు తప్పారని అందులో ఒకాయన అడిగితే జరిగింది చెప్పింది, రికార్డులో ఉన్న తన పేరుతో సహా. ఆయన అవునా అని రాసుకుని ట్రాన్స్‌ఫార్మర్ల మీద ప్రశ్న అడిగాడట. ఆ ప్రశ్నకు జవాబు సరిగా చెప్పలేకపోయానని ఆమె అనుకుంది. పది రోజులకు ఉద్యోగం ఇచ్చినట్టు ఉత్తరం వచ్చింది.